టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉంటే క్యాన్సర్ ఎలా ఉంటుందండీ?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది తెనాలి, నాకు 37 ఏళ్లు, ప్రైవేట్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి మూడేళ్లు. మా స్కూల్లో హెల్త్ చెకప్ క్యాంప్ పెడితే అందులో మెడ స్కానింగ్ కూడా చేశారు, థైరాయిడ్‌లో కుడివైపు 1.6 సెంటీమీటర్ల గడ్డ ఉంది, టైరాడ్స్ 5, అంటే స్కాన్ చూసి వేసే అనుమానం మార్కుల్లో అన్నిటికన్నా ఎక్కువది, అని రాశారు. గుంటూరులో సూది పరీక్ష చేయిస్తే బెథెస్డా 6, పాపిల్లరీ కార్సినోమా అని వచ్చింది. నా టీఎస్‌హెచ్ 2.1, నార్మల్. నార్మల్ అయినప్పుడు క్యాన్సర్ ఎలా ఉంటుంది, రిపోర్టే తప్పేమో అని మావారి డౌటు. ఒక సర్జన్ గారు కుడి సగం తీస్తే చాలన్నారు, ఇంకొకరు మొత్తం తీసేసి రేడియో అయోడిన్ కూడా ఇవ్వాలన్నారు. కత్తి పెడితే పాకుతుంది, గడ్డ కరిగించే కషాయం ఇచ్చేవాళ్లున్నారు అని మా అత్తయ్య గారు అంటున్నారు. అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కొడుకేమో ఇది మంచి క్యాన్సరే అక్కా, ఇక్కడ ఆపరేషన్ చెయ్యకుండా చూస్తూ ఉంటారు అంటున్నాడు. నాకు గొంతే జీవనాధారం, అది పోతే ఏం చెయ్యాలి? జీవితాంతం మాత్రలేనా? నేను క్యాబేజీ బాగా తింటాను, దానివల్ల వచ్చిందా? నా పిల్లలకి కూడా వస్తుందా?

సమాధానం: అమ్మా, ముందు మీవారి డౌటు సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది ఆ డౌటు దగ్గరే నెలల తరబడి ఆగిపోతారు. టీఎస్‌హెచ్ అనేది అసలు థైరాయిడ్‌లో తయారయ్యేదే కాదు, మెదడు కింద పిట్యూటరీ అని ఒక చిన్న గ్రంథి ఉంటుంది, అందులోంచి వస్తుంది. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ తగ్గిందనుకోండి, ఇంకా తయారుచెయ్యమని చెప్పడానికి పిట్యూటరీ టీఎస్‌హెచ్ పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. అంటే ఆ పరీక్ష చెప్పేది గ్రంథి సరిపడా హార్మోన్ ఇస్తోందా లేదా అన్న ఒక్క ముక్కే. లోపల గడ్డ ఉందా, ఉంటే అది మంచిదా చెడ్డదా అన్నది దానికి తెలియదు. పాపిల్లరీ క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి టీఎస్‌హెచ్ నార్మల్‌గానే ఉంటుంది, ఎందుకంటే గడ్డ లేని మిగతా భాగమంతా తన పని తాను చక్కగా చేసుకుంటూనే ఉంటుంది కదా. ఇక బెథెస్డా 6 అంటే పాథాలజిస్టు కణాలు చూసి అనుమానం లేకుండా క్యాన్సర్ అని చెప్పడం, ఆ మాట నిజమయ్యే అవకాశం నూటికి 97 దాకా ఉంటుంది. అయినా మనసు కుదుటపడకపోతే రెండోసారి సూది గుచ్చించుకోనక్కర్లేదు, ఆ స్లైడ్లే ఇమ్మని ల్యాబ్‌లో అడిగి తీసుకుని ఇంకో పెద్ద ఆసుపత్రి పాథాలజిస్టుకి చూపించండి. స్లైడ్లు మీవి, అడిగే హక్కు మీకుంది.

ఒక సంగతి చెప్తే మీ సగం భయాలకి జవాబు దొరుకుతుంది, అసలు ఈ గ్రంథి ఎక్కడుంది, దాని చుట్టూ ఏమేం ఉన్నాయి అన్నది. మెడ ముందుభాగంలో, గొంతుముడి కింద, గాలిగొట్టాన్ని ముందునుంచి హత్తుకుని ఉంటుంది. సీతాకోకచిలుక రెక్కల్లా కుడివైపు ఒక లోబు, ఎడమవైపు ఒకటి, మధ్యలో రెండింటినీ కలుపుతూ సన్నటి పట్టీ. పెద్దవాళ్లలో బరువు 15 నుంచి 25 గ్రాములు, అంతే. గాలిగొట్టానికి గట్టిగా అంటుకుని ఉంటుంది కాబట్టే గుటక వేసినప్పుడు గ్రంథితో పాటు అందులోని గడ్డ కూడా పైకి లేచి దిగుతుంది, డాక్టర్ మీకు నీళ్లిచ్చి మింగమనేది అందుకే. లోపల చూస్తే సన్నసన్నటి గుండ్రటి సంచులుంటాయి, వాటి గోడల్లోని కణాలు రక్తంలోంచి అయోడిన్ లాక్కుని టీ4, టీ3 అనే హార్మోన్లు తయారుచేస్తాయి. టీ4లో నాలుగు అయోడిన్ పరమాణువులు, టీ3లో మూడు, పేర్లలో అంకెలు అవే. గుండె వేగం, ఒంట్లో వేడి, పేగుల కదలిక, నెలసరి, కడుపులో బిడ్డ మెదడు ఎదగడం, అన్నిటికీ ఇవి కావాలి. ఆ సంచుల మధ్యలో సీ కణాలని ఇంకోరకం కూడా కొన్ని ఉంటాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను.

గ్రంథి వెనకాల ఏముందన్నదే సర్జన్‌కి అసలు పరీక్ష. రెండు లోబుల వెనక పైనా కిందా కలిపి మామూలుగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి, ఒక్కోటి 5 మిల్లీమీటర్లు అటూఇటూ, పేరులో థైరాయిడ్ ఉన్నా వాటి పని వేరు, రక్తంలో కాల్షియం తగ్గకుండా చూడటం. ఇంకా స్వరతంత్రుల్ని కదిలించే నరం, ఒక్కో వైపు ఒకటి. ఈ నరం దారి చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, మెదడు నుంచి దిగే పెద్ద నరంలోంచి విడిపోయి ఎడమవైపుది ఛాతీలోకి పోయి గుండె దగ్గర మహాధమని వంపు కిందుగా చుట్టి మళ్లీ పైకి మెడలోకొస్తుంది, కుడివైపుది భుజానికి వెళ్లే ధమనిని చుట్టి వెనక్కొస్తుంది. అలా వచ్చి సరిగ్గా థైరాయిడ్ వెనకనుంచే స్వరపేటికలోకి దూరుతుంది. మీ గొంతు భయం అంతా ఈ సన్నటి నరం గురించే.

పాపిల్లరీ అన్నారు కాబట్టి దాని తీరు చెప్తాను. థైరాయిడ్ క్యాన్సర్లన్నీ ఒకటి కాదు. ఎక్కువగా వచ్చేది, దాదాపు నూటికి ఎనభై పైగా, ఈ పాపిల్లరీయే. ఫోలిక్యులర్ అని రెండోది తక్కువ. ఇందాక చెప్పిన సీ కణాల్లోంచి వచ్చేది మెడుల్లరీ, అది వంశపారంపర్యంగా రావచ్చు. అనాప్లాస్టిక్ అని నాలుగోది ఉంది, చాలా అరుదు, ఎక్కువగా వయసు మళ్లినవాళ్లలో వస్తుంది, వారాల్లో పెరిగిపోతుంది, అది మీకు లేదు కాబట్టి నెట్‌లో దాని గురించి చదివి రాత్రిళ్లు నిద్ర పాడుచేసుకోకండి. పాపిల్లరీ నెమ్మదైనది, పాకితే ముందు మెడలోని లింఫు గ్రంథులకి, అంటే జబ్బు చేసినప్పుడు బిళ్లకట్టే చిన్న గ్రంథులకి, వెళ్తుంది, అక్కడికి వెళ్లినా వైద్యానికి లొంగుతుంది. స్టేజి వేసేటప్పుడు వయసుని కూడా లెక్కలోకి తీసుకోవడం ఈ క్యాన్సర్లో పెద్ద విశేషం, 55 ఏళ్లలోపు వాళ్లకి మెడ గ్రంథులకి పాకినా కూడా స్టేజి 1 అనే అంటారు, ఊపిరితిత్తులకో ఎముకలకో పోతేనే 2. ఆ వయసువాళ్లకి ఇందులో 3, 4 అసలు లేవు. మీ వయసు, మీ గడ్డ సైజు చూస్తే సరైన వైద్యం తర్వాత మామూలు ఆయుష్షే.

అలాగని మంచి క్యాన్సర్ అనే మాట మాత్రం నాకు నచ్చదు. మెడ మీద గాటు, ఏళ్ల తరబడి స్కానింగులు, ప్రతి రిపోర్టు ముందురోజు గుండెదడ, ఇవన్నీ మీరే పడాలి కదా, మంచిదని ఫోన్లో చెప్పినాయన కాదు. మీకు భయం వేస్తే వెయ్యనివ్వండి, తప్పేం లేదు.

అయితే మీ తమ్ముడు పూర్తిగా గాల్లోంచి మాట్లాడటం లేదు. జపాన్‌లో కోబే నగరంలో కూమా హాస్పిటల్ అని ఉంది, అక్కడ డాక్టర్ అకిరా మియావుచి ప్రతిపాదిస్తే 1993 నుంచి ఒక సెంటీమీటర్ లోపు పాపిల్లరీ గడ్డల్ని వెంటనే కొయ్యకుండా ఏటేటా స్కాన్ చేసి చూడటం మొదలుపెట్టారు. అలా చూసిన 1235 మందిలో పదేళ్లకి గడ్డ 3 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో పెరిగింది నూటికి 8 మందికే, మెడ గ్రంథుల్లో కనిపించింది నూటికి 4 కన్నా తక్కువ మందికి. పెరిగినవాళ్లకి అప్పుడు ఆపరేషన్ చేశారు, బాగానే ఉన్నారు. ఇంకోపక్క దక్షిణ కొరియాలో ఉల్టా కథ, అక్కడ 1999 తర్వాత చెకప్‌లలో మెడ స్కానింగ్ చేయించుకోవడం అలవాటైపోయి 2011కి వచ్చేసరికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి, ఆ క్యాన్సర్‌తో పోయేవాళ్ల సంఖ్య మాత్రం పెద్దగా మారలేదు. అంటే బతికున్నంతకాలం బయటపడకుండా ఉండిపోయే సన్న గడ్డల్ని కూడా వెతికి వెతికి కోసేశారన్నమాట. ఏ లక్షణం లేనివాళ్లకి క్యాంపుల్లో మెడ స్కానింగ్ వద్దని అమెరికా నిపుణుల బృందం 2017లో చెప్పింది, నాదీ అదే అభిప్రాయం, మీ స్కూలు క్యాంపు వాళ్లు వినాలి.

కానీ మీ గడ్డ 1.6 సెంటీమీటర్లు, కూమా వాళ్లు చూసింది ఒక సెంటీమీటర్ లోపువి. కొన్ని చోట్ల ఇంకొంచెం పెద్దవాటిని కూడా అలా చూస్తున్నారు గానీ దానికి గట్టి స్కానింగ్ టీమ్ కావాలి, ఆరునెలలకోసారి తప్పకుండా వచ్చే పేషెంట్ కావాలి, గడ్డ గాలిగొట్టానికీ నరానికీ దూరంగా ఉండాలి. 37 ఏళ్ల మీకు ముందు ఇంకా చాలా జీవితం ఉంది, చూస్తూ కూర్చోవడం కన్నా తీయించుకోవడమే మేలని నేనంటాను. కాకపోతే వచ్చే సోమవారమే తీయించుకోవాలని ఎవరైనా అంటే నమ్మకండి. ఒకటి రెండు నెలలు పట్టినా ఈ గడ్డతో ఏమీ మించిపోదు, ఆ టైమంతా మంచి సర్జన్‌ని వెతుక్కోవడానికీ మెడ మొత్తం సరిగ్గా స్కాన్ చేయించుకోవడానికీ వాడుకోండి. కషాయానికి మాత్రం కాదు.

కషాయం మాట వచ్చింది కాబట్టి, అత్తయ్య గారికి చెప్పండి, పాపిల్లరీ గడ్డని కరిగించే కషాయం, లేపనం, మాత్ర ఏదీ లేదు. కత్తి పెడితే పాకుతుందన్న భయం మన ఊళ్లల్లో ఎక్కడినుంచి వచ్చిందంటే, పాతరోజుల్లో ముదిరిపోయాక పెద్దాసుపత్రికి తీసుకెళ్లేవాళ్లు, కోసి చూసి ఏం చెయ్యలేక మూసేసేవాళ్లు, ఇంటికొచ్చిన కొన్నాళ్లకే మనిషి పోయేవాడు, చూసినవాళ్లకి కత్తి వల్లే పోయాడనిపించేది. ఆవిడని తప్పుపట్టనవసరం లేదు, మీతో పాటు సర్జన్ దగ్గరికి తీసుకెళ్లండి, ఆ ప్రశ్న ఆవిడే అడగనివ్వండి. సూది వల్ల పాకడం కూడా లెక్కలోకి రానంత అరుదు.

ఇప్పుడు అసలు చిక్కు, సగమా మొత్తమా. ఇద్దరు సర్జన్లు రెండు మాటలు చెప్పారంటే ఒకరికి తెలీదని కాదు. ఒకప్పుడు సెంటీమీటర్ దాటిన ప్రతి పాపిల్లరీకి మొత్తం తీసేసి రేడియో అయోడిన్ ఇవ్వడమే పద్ధతి, ఇప్పుడు సీనియర్లైన చాలామంది అలాగే నేర్చుకున్నారు. 2015లో అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ వాళ్లు నిబంధనలు మార్చారు, 1 నుంచి 4 సెంటీమీటర్ల మధ్య ఉండి బయటికి పాకని, మెడ గ్రంథుల్లో కనపడని గడ్డలకి ఒక లోబు తీసినా సరిపోతుందని, బతికే కాలంలో తేడా కనపడలేదని. అప్పట్నుంచి ప్రపంచమంతా సగం వైపే మొగ్గుతోంది. సగం తీస్తే రెండోవైపు నరం జోలికి, ఆ వైపు రెండు పారాథైరాయిడ్ల జోలికి అసలు పోరు, అవి భద్రం. మిగిలిన సగమే చాలామందికి ఒంటికి సరిపడా హార్మోన్ ఇచ్చేస్తుంది, మాత్రల అవసరం పడకపోవచ్చు, కొందరికి పడుతుంది. ఇబ్బంది ఏంటంటే తీసిన ముక్క పరీక్షలో ఊహించని చెడ్డ లక్షణాలు ఏవైనా కనిపిస్తే మిగిలిన సగానికి ఇంకో ఆపరేషన్ కావాలి, కొద్దిమందికి అలా జరుగుతుంది. మొత్తం తీస్తే ఆ బెంగ ఉండదు, థైరోగ్లోబులిన్ అని ఒక రక్తపరీక్షతో మళ్లీ వచ్చిందేమో కనిపెట్టడం తేలిక, కానీ జీవితాంతం మాత్ర ఖాయం, కాల్షియం రిస్కు ఎక్కువ.

మీ రిపోర్టులు మీరు చెప్పినట్టే ఉంటే, అంటే ఎడమ లోబు శుభ్రంగా ఉండి, మెడ రెండు పక్కలా లింఫు గ్రంథులు మామూలుగా ఉండి, గడ్డ గ్రంథి గోడ దాటకుండా లోపలే ఉండి, చిన్నప్పుడు మెడకి రేడియేషన్ ఏదీ పడి ఉండకపోతే, నేను సగం చెప్పిన సర్జన్ గారి వైపే. ఇక్కడ మీరు రాయని సంగతొకటి ఉంది, క్యాంపులో చేసిన స్కాన్‌లో పక్క మెడ గ్రంథులు చూశారా లేదా అన్నది. సాధారణంగా చూడరు. థైరాయిడ్ స్కాన్లు రోజూ చేసే రేడియాలజిస్టు దగ్గర మళ్లీ చేయించండి, గ్రంథులు రెండువైపులా చూసి రాయమని అడగండి. అందులో ఏదైనా అనుమానంగా కనిపిస్తే నేను పైన చెప్పిందంతా మారిపోతుంది, అప్పుడు మొత్తం తియ్యమన్న సర్జన్ గారి మాటే కరెక్ట్ అవుతుంది.

గొంతు సంగతి. చెయ్యితిరిగిన సర్జన్ చేస్తే నరం శాశ్వతంగా దెబ్బతినడం నూటికి ఒకటి చుట్టుపక్కల ఉంటుంది, తాత్కాలికంగా గొంతు బొంగురుపోవడం అంతకంటే ఎక్కువమందికి, కొన్ని వారాలో నెలలో పట్టి మామూలవుతుంది. మీరు టీచర్ కాబట్టి ఇంకో నరం గురించి కూడా సర్జన్‌తో మాట్లాడండి, పై స్థాయి స్వరానికి, గట్టిగా కేకేసి పిలవడానికి పనికొచ్చే నరం ఒకటి లోబు పైకొన దగ్గర్నుంచి పోతుంది, అది దెబ్బతింటే మామూలు మాటలో తేడా తెలియదు గానీ నలభైమంది పిల్లల క్లాసులో సాయంత్రానికి గొంతు అలిసిపోతుంది. నాకు గొంతే జీవనాధారం అని ఇప్పుడు నాకు రాసిన మాటే సర్జన్ ముందు కూర్చుని చెప్పండి. ఆపరేషన్‌కి ముందే ఈఎన్‌టీ దగ్గర సన్నటి గొట్టంతో స్వరతంత్రులు ఎలా కదులుతున్నాయో చూపించుకుని ఆ రిపోర్టు దాచండి. సర్జన్‌ని మొహమాటం లేకుండా అడగాల్సింది ఏంటంటే, ఏడాదికి మీరు ఎన్ని థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారండీ అని. అమెరికాలో లెక్కలు తీస్తే ఏడాదికి 25 పైన చేసేవాళ్ల చేతిలో కాంప్లికేషన్లు తక్కువని తేలింది. ఆసుపత్రి బోర్డు ఎంత పెద్దది, అద్దాలు ఎంత మెరుస్తున్నాయి అన్నదానికన్నా ఈ ఒక్క ప్రశ్న మీకు ఎక్కువ పనికొస్తుంది. ఎండోక్రైన్ (హార్మోన్ గ్రంథుల) సర్జన్ కావచ్చు, ఈఎన్‌టీ వాళ్లు కావచ్చు, క్యాన్సర్ సర్జన్ కావచ్చు, డిగ్రీ ఏదైనా చెయ్యి ఆడుతున్న మనిషి కావాలి. ఆ ప్రశ్నకి కోపం వచ్చే డాక్టర్ అయితే ఇంకొకరిని చూసుకోండి.

ఒకవేళ మొత్తం తీయాల్సొస్తే ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లో పెదాల చుట్టూ, వేళ్ల చివర్ల చిమచిమలాడటం, కండరాలు పట్టెయ్యడం రావచ్చు, అది కాల్షియం తగ్గిన గుర్తు, వెంటనే నర్సుకి చెప్పాలి, ఇంటికి వచ్చాక అయితే ఫోన్ చెయ్యాలి, నరాల బలహీనత అనుకుని పడుకోకూడదు. ఎక్కువమందికి కొద్ది వారాల్లో కుదురుకుంటుంది.

రేడియో అయోడిన్ గురించి. థైరాయిడ్ కణాలకి అయోడిన్ లాక్కునే గుణం ఉందని చెప్పాను కదా, దాన్నే వాడుకుని అయోడిన్ 131 అనే రేడియో ధార్మిక రకాన్ని మింగిస్తారు, అది మిగిలిపోయిన థైరాయిడ్ కణాల్లోకి పోయి వాటిని చంపుతుంది. గ్రంథి మొత్తం తీసేశాకే ఇస్తారు. మెడ గ్రంథులకి బాగా పాకినవాళ్లకి, ఊపిరితిత్తులకి పోయినవాళ్లకి ఇది గొప్ప మందు. మీలాంటి చిన్న గడ్డకి మాత్రం దానివల్ల అదనపు లాభం కనపడలేదు, ఫ్రాన్స్‌లో 776 మంది మీద చేసిన పరిశీలన ఫలితాలు 2022లో వచ్చాయి, 2 సెంటీమీటర్ల లోపు గడ్డకి మొత్తం తీసేసినవాళ్లలో సగంమందికి ఇచ్చి సగంమందికి ఇవ్వకుండా మూడేళ్లు చూశారు, రెండు గుంపులూ ఒకేలా ఉన్నాయి. కాబట్టి రేడియో అయోడిన్ కోసమే మొత్తం తీయాలనే లెక్క మీ విషయంలో నిలవదు. ఎప్పుడైనా అవసరం పడితే, దాని రేడియేషన్ 8 రోజులకోసారి సగమవుతూ పోతుంది, ఆ మొదటి రోజులు చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, పక్కలో పడుకోబెట్టుకోవడం కుదరదు, ఎన్ని రోజులన్నది డోసు బట్టి వాళ్లే రాసిస్తారు. కడుపుతో ఉన్నవాళ్లకి, పాలిచ్చేవాళ్లకి ఇవ్వరు, తీసుకున్నాక కూడా ఆరునెలలు గర్భం రాకుండా చూసుకోమంటారు.

జీవితాంతం మాత్రలేనా అన్నారు. దీని వెనక ఒక చరిత్ర ఉంది. స్విట్జర్లాండ్‌లో బెర్న్ నగరంలో థియోడర్ కోకర్ అనే సర్జన్, థైరాయిడ్ ఆపరేషన్‌లో రక్తం పోయి మనుషులు చచ్చిపోయే రోజుల్లో, నిదానంగా నరాలు నాళాలు చూసుకుంటూ చెయ్యడం నేర్పించినాయన, ఆయనకి 1909లో నోబెల్ ఇచ్చారు. ఆయనే 1883లో, మొత్తం గ్రంథి తీసేసిన తన పేషెంట్లని వెనక్కి పిలిపించి చూస్తే మొహాలు ఉబ్బి, మాట మందగించి, బుద్ధి మొద్దుబారి ఉన్నారు, అప్పుడు గానీ ఆ గ్రంథి దేనికి ఉందో లోకానికి సరిగ్గా తెలియలేదు, ఆయన ఇక మామూలు గాయిటర్లకి, అంటే థైరాయిడ్ వాపులకి, మొత్తం తీయడం మానేశారు. 1891లో ఇంగ్లాండులో న్యూకాజిల్‌లో జార్జ్ మర్రే అనే డాక్టర్ గొర్రె థైరాయిడ్ రసం ఇంజెక్షన్‌గా ఇస్తే, హార్మోన్ తగ్గిపోయి మంచాన పడ్డ 46 ఏళ్ల ఆవిడ లేచి కూర్చుంది, 74 ఏళ్లదాకా బతికింది. ఇప్పుడు మనకి అదంతా ఒక చిన్న తెల్లమాత్ర అయింది, లీవోథైరాక్సిన్, అచ్చం ఒంట్లో తయారయ్యే టీ4 ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. దీన్ని మందులా కాకుండా తగ్గినదాన్ని భర్తీ చెయ్యడంలా చూడండి. పొద్దున్నే పరగడుపున ఉత్త నీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంటదాకా కాఫీ, టీ, టిఫిన్ ఏవీ వద్దు, మన ఇళ్లల్లో అందరూ తప్పేది ఇక్కడే, మాత్ర ఒక చేత్తో కాఫీ గ్లాసు ఇంకో చేత్తో. కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. టీ4 ఒంట్లో సగం తగ్గడానికే వారం పడుతుంది, అందుకే ఒకరోజు మర్చిపోతే కొంపలేం మునగవు, అందుకే డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి గానీ టీఎస్‌హెచ్ చూడరు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకి రెండుమూడు రోజుల ముందు ఆపండి, రిపోర్టు తారుమారవుతుంది. సగం తీయించుకున్నా ఆరువారాలకి ఒకసారి టీఎస్‌హెచ్ చేయించుకోవాలి, మాత్ర కావాలో వద్దో అది తేలుస్తుంది. క్యాన్సర్ వచ్చింది కదా అని టీఎస్‌హెచ్‌ని సున్నాకి తొక్కేసేంత డోసు మీకవసరం లేదు, ఎక్కువైతే ఏళ్లమీద ఎముకలు గుల్లబారతాయి, గుండె లయ తప్పుతుంది.

క్యాబేజీ వల్ల రాలేదమ్మా. అందులో అయోడిన్‌ని అడ్డుకునే పదార్థాలు కొన్ని ఉన్న మాట నిజమే, అయోడిన్ లేని తిండి తింటూ దాన్నే గంపలకొద్దీ పచ్చిగా తింటే గ్రంథి వాచొచ్చు, వండుకుని తినే కూరకి, క్యాన్సర్‌కి సంబంధం లేదు. నాకు భయం వేసేది ఇంకోటి, ఈమధ్య అయోడైజ్డ్ ఉప్పు మానేసి గులాబీరంగు రాతి ఉప్పు, సైంధవ లవణం వాడే ఫ్యాషన్. మీ ఇంట్లో అది ఉంటే మార్చండి, మీకోసం కాకపోయినా ఆడపిల్లల కోసం, పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, గర్భిణులకి 250. అది తక్కువైన చోట బిడ్డల మెదడు ఎదగదు. ఈ సంగతి మన దేశంలో గట్టిగా రుజువు చేసినవాళ్లలో ముఖ్యులు మన శ్రీకాకుళంలో పుట్టిన, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. హిమాచల్‌లో కాంగ్రా లోయ ఊళ్లల్లో గొంతువాపు ఇంటింటా ఉండేది, 1956 నుంచి ఆయన బృందం కొన్ని ప్రాంతాలకి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ల తరబడి చూస్తే, అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్లల్లో వాపులు సగానికి పైగా తగ్గాయి. 1962లో దేశమంతా గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది ఆ పరిశోధన పుణ్యమే. అటువంటి ఉప్పుని రంగు నచ్చి పక్కన పడేస్తున్నాం.

పిల్లల గురించి. పాపిల్లరీ ఎక్కువభాగం వంశపారంపర్యం కాదు. మీ అమ్మగారికో తోబుట్టువులకో కూడా ఉందంటే డాక్టర్‌కి చెప్పండి, లేకపోతే పిల్లల మెడలు స్కాన్ చేయించి వాళ్ల బుర్రలో ఈ భయం పెట్టొద్దు. మెడుల్లరీ అయితే కథ వేరు, అందులో నాలుగో వంతుమందికి రెట్ అనే జన్యువులో పుట్టుకతో వచ్చిన లోపం ఉంటుంది, వాళ్ల పిల్లలకి రక్తపరీక్ష తప్పనిసరి. పాపిల్లరీకి మనకి కచ్చితంగా తెలిసిన కారణం చిన్నతనంలో పడ్డ రేడియేషన్, 1986లో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రం పేలుడు తర్వాత అయోడిన్ 131 గడ్డిమీద పడి ఆవుపాలలోంచి పిల్లల్లోకి పోయింది, 2005 కల్లా అప్పటి పిల్లల్లో 6000 మందికి పైగా థైరాయిడ్ క్యాన్సర్ తేలింది. మీ విషయంలో ఎందుకొచ్చింది అంటే, ఎక్కువమందికి లాగే, మీరు చేసిన ఏ పనివల్లా కాదు.

ఇక అందరూ అడగడానికి సిగ్గుపడే సంగతులు. ఆపరేషన్ థియేటర్లోకి వెళ్లేముందు తాళితో సహా మెడలో ఏదీ ఉంచరు, అత్తయ్య గారికి ముందే చెప్పి ఉంచండి, పసుపుకొమ్ము చేతికి కట్టుకుని వెళ్లేవాళ్లు బోలెడుమంది, థియేటర్ సిస్టర్‌కి అది కొత్తేం కాదు. గాటు మెడ ముడతలోనే వేస్తారు, ఏడాదికి సన్నటి గీతలా మిగులుతుంది, ఎండ తగలకుండా కప్పుకుంటే త్వరగా కలిసిపోతుంది. సగం తీస్తే ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు, స్కూలుకి మాత్రం రెండుమూడు వారాలు సెలవు అడగండి, వెళ్లాక కూడా కొన్నాళ్లు మైక్ పెట్టుకోండి, యాజమాన్యం ఇవ్వకపోతే నడుముకి కట్టుకునే చిన్న స్పీకర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. డబ్బు ఇబ్బంది అయితే ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర కార్డు చూపించి, ఈ ఆపరేషన్ కవర్ అవుతుందా అని అడ్మిట్ అవ్వకముందే అడగండి, అడ్మిట్ అయ్యాక కాదు. ఈలోపు గొంతు ఉన్నట్టుండి బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, గడ్డ కంటికి కనిపించేలా పెరిగినా మాత్రం డేట్ కోసం ఆగకుండా వెంటనే చూపించుకోండి.

ఆపరేషన్ అయిన వారం పది రోజులకి ముక్క పరీక్ష రిపోర్టు వస్తుంది. అంతా బాగుందమ్మా అని చెప్పి పంపేస్తారు, ఆ కాగితం అడిగి తీసుకోండి. అందులో గడ్డ సైజు, ఏ రకం పాపిల్లరీ, ముఖ్యంగా టాల్ సెల్ అనే మాట (కొంచెం దూకుడుగా ఉండే రకం) ఉందా, అంచుల్లో కణాలు మిగిలాయా, రక్తనాళాల్లోకి దూరిందా, లింఫు గ్రంథులు తీస్తే ఎన్నిట్లో ఉంది, ఇవి చూసే తర్వాత ఏం చెయ్యాలో తేలుతుంది. ఆ రిపోర్టు, కొత్త స్కాన్ రెండూ నాకు పంపండి, పేరు కొట్టేసి పంపినా సరే.